తిరిగొచ్చిన సోనాయి

"ఏ తండ్రైనా ఇద్దరు బిడ్డలకి ఒకే పేరు పెడతాడా?" అని ఫల్గుణ అడిగితే గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అడిగినవాడూ నవ్వాడు. రెండువేల ఎనిమిది జూన్ నెల. విశాఖపట్నంలో ఒక మేడమీద ఆరు కంప్యూటర్లున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఆ ప్రశ్నకి జవాబు తన సొంత అక్క ఇంట్లోనే ఉందని, రెండేళ్లు దాటి వాకిట్లో కోడిపిల్లల వెంట పరిగెడుతోందని ఆ క్షణాన అతనికి తట్టలేదు. తెలివితక్కువవాడై తట్టకపోవడం కాదు. ఆ గదిలో అందరికన్నా తెలివైనవాడు అతనే, వచ్చిన చిక్కంతా అదే.

పాంగి ఫల్గుణది డుంబ్రిగుడ అవతల కొండ్రుపుట్టు. గెడ్డ, అంటే కొండవాగు, దాటి ఐదు కిలోమీటర్లు నడిస్తే వచ్చే ముప్పై గడపల ఊరు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అక్క ముత్యాలమ్మే పెంచింది. కొండ మీద సామలు, చోళ్లు పండించి, అడ్డాకులతో విస్తళ్లు కుట్టి సంతలో అమ్మి, తమ్ముణ్ణి ఆశ్రమ పాఠశాల నుంచి ఎంసీఏ దాకా తోసింది. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున "కంప్యూటర్లో ఏటి సేత్తావురా?" అని అడిగింది. "మనుషులు రాసిన తప్పులు పట్టుకుంటానక్కా" అన్నాడు. మా తమ్ముడిది తప్పులు పట్టే ఉద్యోగం అని ఆవిడ ఊరంతా చెప్పుకుంది.

మాట నిజమే. మన్యంలో జ్వరాల మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఆ ఆఫీసుకి ఒక వెబ్‌సైట్ పని అప్పజెప్పింది. ఊళ్లలో కార్యకర్తలు జ్వరం వచ్చినవాళ్ల వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క పూసి పంపుతారు. అరకులో సంస్థ ల్యాబులో వాటిని చూస్తారు. మలేరియా ఉందో లేదో పద్మావతి అనే ఆపరేటరు వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తుంది. ఉందని తేలినవాళ్ల పేర్లతో ఊరివారీగా లిస్టు తయారవుతుంది. లిస్టులో పేరుంటే కార్యకర్త మందు తీసుకెళ్తాడు, లేకపోతే లేదు. కాగితాల మీద పదిహేను రోజులు పట్టే పని ఇప్పుడు రెండు రోజుల్లో అయిపోతోంది. ఆ వెబ్‌సైట్ వల్ల బతికినవాళ్లు ఉన్నారు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఫారంలో ఏది పడితే అది రాస్తే ఒప్పుకోకుండా ఆపేవాటిని వాలిడేటర్లు అంటారు. గడి ఖాళీగా వదిలేశారా, వయసు దగ్గర అక్షరాలు కొట్టారా, రేపటి తేదీ వేశారా అన్న మామూలు తనిఖీలు ముందే తయారుగా దొరుకుతాయి. అవి చాలనప్పుడు ప్రోగ్రామరే సొంతంగా ఒక వాలిడేటర్ క్లాసు, అంటే ఆ ఒక్క పనీ చేసే చిన్న ప్రోగ్రాం ముక్క, రాసుకుంటాడు. బ్రహ్మవిద్య ఏం కాదు. దానికి వివరాలు అందిస్తే ఔననో కాదనో చెప్పాలి. కాదన్నప్పుడు ఎందుకు కాదో ఒక వాక్యం చూపించాలి. ఔనంటే రికార్డు లోపలికి వెళ్తుంది, కాదంటే వెనక్కి వస్తుంది. మూడో మాట ఉండదు.

ఒకరోజు సంస్థవాళ్లు గోల పెట్టారు. నెలకి ఇన్ని పలకలు పంపి తీరాలని కార్యకర్తలకి కోటా ఉంది. అది నింపడానికి కొందరు తమ వేలే గుచ్చుకుని నాలుగు పలకల మీద పూసి, పోయినవాళ్ల పేర్లు రాసి పంపుతున్నారు. పోయినవాళ్లు వచ్చి అడగరు కదా. టీం లీడ్ శివకుమార్ ఫల్గుణని పిలిచి, "చనిపోయినవాళ్ల పేరుతో రికార్డు ఎక్కకుండా ఒక వాలిడేటర్ రాయి. అక్కడి సంగతులు నీకే బాగా తెలుసు" అన్నాడు. అతను మైదానం నుంచి వచ్చినవాడు, అరకుని రైలు కిటికీలోంచి తప్ప చూడలేదు.

ఫల్గుణ రెండు రోజుల్లో రాశాడు. సంస్థ దగ్గర జ్వరాలతో పోయినవాళ్ల జాబితా ఉంది. కొత్తగా ఎక్కించే మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు ఆ జాబితాతో కలిస్తే క్లాసు కాదంటుంది. పరీక్షించి చూస్తే ఒక్క దొంగ రికార్డూ దొరకలేదు. అప్పుడు వయసు తీసేశాడు. "మా వాళ్లకి పుట్టినరోజులు తెలీవు సార్. మనిషిని చూసి ఎవరికి తోచిన వయసు వాళ్లు వేస్తారు. దొంగపేరు రాసేవాడు వయసు కూడా మార్చేస్తాడు" అన్నాడు. అందులో ఒక్క ముక్క తప్పు లేదు.

టెస్టింగ్ చూసే మాధవికి మాత్రం అది మింగుడుపడలేదు. "వయసు తీసేస్తే ఎలా? అదే ఊళ్లో అదే తండ్రికి అదే పేరుతో ఇంకో బిడ్డ ఉంటే?" అంది. అప్పుడే ఫల్గుణ ఆ ప్రశ్న అడిగింది, అప్పుడే అందరూ నవ్వింది.

మాధవి వదల్లేదు. "పోనీ ఆపెయ్యకుండా హెచ్చరిక చూపిద్దాం. ఆపరేటర్ చూసుకుని ఓకే కొడుతుంది."

"చూసుకుని కొట్టరు మాధవీ, చూడకుండా కొడతారు. అంత చూసుకునేవాళ్లయితే ఇన్ని దొంగపేర్లు ఎలా వచ్చాయి?" అన్నాడు ఫల్గుణ. అదీ నిజమే.

ఇప్పుడు అక్క ఇంటి సంగతి చెప్పాలి. ముత్యాలమ్మకి మొదట పుట్టిన ఆడపిల్ల సోనాయి. అది ఆమె భర్త బుధు వాళ్ల నాయనమ్మ పేరు. ఆ ఊళ్లలో బిడ్డకి పేరు పెట్టడమంటే నచ్చిన పేరు ఏరుకోవడం కాదు. పోయిన పెద్దల్లో ఎవరు తిరిగొచ్చారో కనుక్కోవడం. పూజలు, ముహూర్తాలు చూసే దిసారి ఆకుదొప్పలో నీళ్లు పోసి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ బియ్యపు గింజలు వదులుతాడు. ఏ పేరు దగ్గర రెండు గింజలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయో ఆ మనిషే వచ్చినట్టు.

ఆ సోనాయి మూడేళ్ల వయసులో, రెండువేల నాలుగు వానల్లో, జ్వరంతో పోయింది. ఏడాదిన్నరకి ముత్యాలమ్మ మళ్లీ ఆడపిల్లని కంది. దిసారి మళ్లీ దొప్ప పెట్టాడు. సోనాయి అనగానే గింజలు రెండూ అతుక్కున్నాయి. "నాకు ముందే తెలుసు. అలిగి ఎల్లిపోయినాది, మళ్లీ వచ్చినాది" అని ముత్యాలమ్మ బిడ్డని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఎంసీఏ సెలవులకి వచ్చిన ఫల్గుణ అక్కడే ఉన్నాడు. అతను నమ్మాడా అంటే చెప్పడం కష్టం. కానీ ఆ రోజు నుంచి ఆ పిల్ల అతనికి రెండో పిల్ల కాదు. మీ అక్కకి ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే, ఒక్కతే, సోనాయి అనేవాడు. మాధవి ఇద్దరు మనుషుల గురించి అడిగింది. ఫల్గుణకి తెలిసింది ఒక్క సోనాయే. పట్నంలో పుట్టిన పిల్లకి వచ్చిన అనుమానం కొండమీద పుట్టినవాడికి రాకపోవడానికి కారణం అది.

పోయినవాళ్ల జాబితా కంప్యూటర్లోకి ఎక్కించింది కూడా అతనే. కొర్రా సోనాయి, తండ్రి బుధు, కొండ్రుపుట్టు. ఆ వరుస దగ్గర కీబోర్డు మీద చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్లని భుజాన వేసుకుని సంతకి నడిచిన రోజులు గుర్తొచ్చి కళ్లు నిండాయి. తుడుచుకుని కింది వరుసకి వెళ్లాడు. ఏడ్చాడు గానీ ఆలోచించలేదు.

జూలైలో వాలిడేటర్ పనిలోకి వచ్చింది. మొదటి నెలలోనే వందకి పైగా దొంగ రికార్డులు దొరికాయి. సంస్థవాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం పంపారు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, ఆ ఆఫీసులో అలికిన రోజే సమోసాలు తెప్పించుకుని పండగ చేసుకున్నారు. వెనక్కి కొట్టిన రికార్డులన్నీ విడిగా ఒకచోట చేరతాయి. సోమవారం సోమవారం వాటిని చూడడం ఫల్గుణ పని. మొదటి మూడు వారాలూ పేరు పేరునా చూశాడు. అన్నీ దొంగవే. నాలుగో వారం నుంచి పేర్లు మానేసి, మొత్తం ఎన్నో చూసి రిపోర్టులో వేయడం మొదలుపెట్టాడు.

ఆగస్టు చివర్లో ఒక గురువారం మధ్యాహ్నం బుధు ఫోన్ చేశాడు. డుంబ్రిగుడలో సింహాచలం కొట్లో కాయిన్ ఫోన్ నుంచి.

"ఫల్గుణా, నేను బావని. మన సోనాయి గుంటకి ఒళ్లు కాలిపోతంది. నాలుగు రోజులైనాది."

"రక్తం తీశారా?"

"మొదటి రోజే తీసినారు. ధనరాజు కొడుక్కీ అదే రోజు తీసినారు. ఆడికి నిన్న మాత్రలొచ్చినాయి. మన గుంటకి రానేదు. ఏటో నువ్వు సూడు."

ఫల్గుణ కంప్యూటర్లో లిస్టు తెరిచాడు. కొండ్రుపుట్టు కింద ఐదు పేర్లున్నాయి. ధనరాజు కొడుకు ఉన్నాడు. సోనాయి లేదు. రెండోసారి పైనుంచి కిందికి చూశాడు, లేదు. అతని గుండె తేలికపడింది.

"లిస్టులో లేదు బావా. అంటే మలేరియా కాదు. మామూలు జ్వరమే."

"అలగైతే ఫరవానేదా? అరకు తీసుకుపోమంటావేటి? గెడ్డ ఇంకా దిగనేదు గానీ, డోలీ కట్టి నలుగురం మోసీగలం."

"వద్దు బావా. ఈ వానలో తడిస్తే ఇంకా ఎక్కువవుతాది. తడిగుడ్డ వేయండి, గంజి పట్టించండి. రెండ్రోజుల్లో తగ్గిపోతాది."

"నువ్వు సెప్పినావంటే సాలు" అని బుధు ఫోన్ పెట్టేశాడు.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, లిస్టు లేదంటే జబ్బు లేదనుకున్నాడు ఫల్గుణ. లిస్టులో పేరు లేకపోవడానికి రెండు కారణాలుంటాయి. జబ్బు లేకపోవచ్చు, లేదా రికార్డే లోపలికి వెళ్లకపోయి ఉండొచ్చు. ఆ రెండోది తెలిసిన మనిషి కొండ్రుపుట్టు మొత్తానికి అతనొక్కడే. ఆ సాయంత్రం అతను స్నేహితులతో బీచికి వెళ్లి మొక్కజొన్నపొత్తు తిన్నాడు. ఆ సంగతి తర్వాత ఎన్నేళ్లయినా మర్చిపోలేకపోయాడు.

సోమవారం పొద్దున్న రిపోర్టు తెరిచి "ఈ వారం పట్టుబడినవి 38" అని కొట్టాడు. పక్కకుర్చీలోంచి మాధవి, "నాకు టెస్టింగుకి కొన్ని నిజం పేర్లు కావాలి, ఆ ముప్పై ఎనిమిదీ ఒకసారి తెరవండి" అంది. తెరిచాడు. ఆమె వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"రెండున్నరేళ్ల పిల్ల పేరు కూడా వదల్లేదా వీళ్లు?"

కొర్రా సోనాయి. తండ్రి బుధు. కొండ్రుపుట్టు. ఫలితం, పాజిటివ్. మంగళవారం పదకొండు గంటలకి పద్మావతి ఎక్కించబోయింది. పక్కనే ఎర్ర అక్షరాల్లో ఫల్గుణ రాసిన వాక్యం ఉంది. "ఈ వ్యక్తి మరణించినట్టు నమోదై ఉంది. రికార్డు తీసుకోబడదు."

"దొంగ రికార్డు కాదు" అన్నాడు ఫల్గుణ. "మా అక్క కూతురు. బతికే ఉంది."

మాధవి ఫోను తీసి అతని చేతిలో పెట్టింది.

కొండ్రుపుట్టులో ఫోన్లు లేవు. సింహాచలం కొట్టుకి చేశాడు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడ కొట్టు నడుపుతున్న మనిషి.

"సింహాచలం గారూ, కొండ్రుపుట్టు ఫల్గుణని. మా బావకి కబురు పంపాలి. గుంటకి మలేరియా అని తేలింది. వెంటనే ఆసుపత్రికి మోసుకెళ్లమనండి."

అవతల కాసేపు చప్పుడు లేదు. "నువ్వు బయల్దేరి రా బాబూ" అన్నాడు సింహాచలం.

"వస్తాను. ముందు కబురు పంపండి."

"పంపుతాన్లే. నువ్వు బేగి రా."

ఫల్గుణ మందుల షాపులో రెండున్నరేళ్ల పిల్లకి ఎంత మందు వేయాలో అడిగి, మూడు రోజులకి సరిపడా కొన్నాడు. అరకు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. ధనరాజు కొడుక్కి తగ్గింది కదా, ఇది కూడా గట్టి పిల్లే. ఇవాళ రాత్రికి మొదటి మోతాదు పడితే రేపటికి కళ్లు తెరుస్తుంది. అనంతగిరి ఘాట్‌లో మబ్బు రోడ్డు మీదికి దిగి బస్సు నత్తలా పాకుతుంటే, డ్రైవర్ని తిట్టబోయి నోరు మూసుకున్నాడు. కొట్టువాడు ఫోన్లో అంతసేపు ఎందుకు ఆగాడన్న ఆలోచన రెండుమూడుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మందుల పొట్లం తడిమి చూసుకున్నాడు.

డుంబ్రిగుడలో బస్సు దిగేసరికి సింహాచలం కొట్టు వదిలి ఎదురొచ్చాడు. ఫల్గుణ చెయ్యి పట్టుకుని, "నిన్న పొద్దున్నే పోయిందంట బాబూ. ఫోన్లో సెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు.

గెడ్డలో నీళ్లు నడుముకి వచ్చాయి. దాటాడు. ఊళ్లోకి వెళ్లేసరికి పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. పిల్లని అప్పటికే మట్టిలో పెట్టేశారు. ముత్యాలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూడగానే లేచి, తడిసిన చొక్కా పట్టుకుని, "మావ ఎప్పుడొత్తాడని అడిగినాదిరా. శనారం దాకా అడిగినాది. తరవాత మాటే నేదు" అంది. తల్లిలేని ఇంట్లో తనకి అన్నం కలిపిపెట్టిన ఆ చేతుల్ని చూడలేక ఫల్గుణ కళ్లు మూసుకున్నాడు.

బుధు, "నువ్వు వద్దన్నావని మొయ్యనేదు ఫల్గుణా. నువ్వున్నావు కదా అని దయిర్యంగా ఉండిపోయినాం" అన్నాడు. నిందవేసి అన్నది కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫల్గుణకి తిట్టినా బాగుండుననిపించింది.

ఆ ఇంట్లో మూడు రోజులున్నాడు. వాలిడేటర్ సంగతి మాత్రం చెప్పలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఇంకో దుఃఖం ఎందుకని తనకి తను చెప్పుకున్నాడు. అది సాకు. అతను భయపడ్డాడు. అక్క తనని చూసే చూపు మారిపోతుందని భయపడ్డాడు. నాలుగో రోజు, వెళ్లొస్తానని మాత్రం చెప్పి బస్సెక్కాడు.

ఆఫీసులో శివకుమార్ తలుపు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇది నీ ఒక్కడి తప్పు కాదు, మేమంతా సరేనన్నాం" అన్నాడు. మంచి మాటే గానీ ఎవరికీ పనికిరాలేదు. మధ్యాహ్నం అరకు నుంచి పద్మావతి ఫోన్ చేసింది. అప్పటిదాకా ఆమెకి జరిగింది తెలియదు.

"సార్, కొండ్రుపుట్టు నుంచి ఒక మరణం రిపోర్టు వచ్చింది. కొర్రా సోనాయి అని. ఎక్కించబోతే తీసుకోవట్లేదు. ఈ వ్యక్తి మరణించినట్టు నమోదై ఉంది అంటోంది. ఏం చెయ్యమంటారు?"

జ్వరం వచ్చినప్పుడు బతికిలేదని ఆ వాలిడేటర్ వెనక్కి కొట్టింది. పోయాక, ముందే పోయింది కదా అని వెనక్కి కొట్టింది. వెబ్‌సైట్ చూసి చెప్పమంటే ఆ వానల్లో కొండ్రుపుట్టులో ఎవరూ జబ్బుతో పోలేదు. కాగితాల రోజుల్లో పోయిన మొదటి పిల్లకి ఒక వరుసైనా దక్కింది, ఈ పిల్లకి అదీ లేదు.

ఆ పూటే అతను ఆ వాలిడేటర్ క్లాసు తీసి పక్కన పెట్టాడు. ఇకమీద ఏ రికార్డూ వెనక్కి పోదు. అనుమానం ఉంటే గుర్తు పెడుతుంది, ఒక మనిషి ఆ ఊరెళ్లి కళ్లతో చూసి రావాలి, ఈలోపు మందు ఆగదు. అలా రాయడానికి గంట పట్టింది. తర్వాత అతనూ మాధవీ కూర్చుని, మిగిలిన ముప్పై ఏడు పేర్లకీ ఊరూరా కబురు పెట్టి కనుక్కున్నారు. ముప్పై మూడు దొంగవే. నలుగురు మాత్రం నిజం మనుషులు, పోయిన అక్కల పేర్లు, అన్నల పేర్లు పెట్టుకుని తిరుగుతున్న పిల్లలు. వాళ్లకి అదే రోజు మందు అందింది. నలుగురూ బతికారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, ఆ నాలుగిళ్లలో ఏడుపు లేకుండా పోయింది.

"మీ అక్కకి చెప్పారా?" అని అడిగింది మాధవి.

"లేదు."

"ఇంకొకళ్ల నోట వింటే ఎలా ఉంటుందో ఆలోచించండి" అంది ఆమె. ఆ వారమే అతను సెలవు పెట్టాడు.

వెళ్లేసరికి ముత్యాలమ్మ అరుగు మీద అడ్డాకులు కుడుతోంది. బుధు పక్కన కూర్చుని ఈనెపుల్లలు చీలుస్తున్నాడు. ఫల్గుణ కింద నేల మీద కూర్చున్నాడు. వాలిడేటర్ అన్నదాన్ని అక్కకి ఎలా చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంటూ వచ్చాడు. ఆమెకి అర్థం కాకుండా చెప్పి బయటపడటం తేలిక. అలా చెయ్యకూడదనుకున్నాడు.

"అక్కా, మందులిచ్చే చోట ఒక కావలి పెట్టినాను. మనిషి కాదు, కంప్యూటర్లోనే ఉంటాది. ఎవరి పేరొచ్చినా, పోయినోళ్ల పేరేమో అని చూస్తాది. పోయినోళ్ల పేరైతే లోపలికి రానివ్వదు. మన సోనాయి పేరు అరకు దాకా ఎల్లినాది. జబ్బు ఉందని తేలినాది. కావలి చూసి, ఈ పిల్ల పోయింది కదా, పొమ్మన్నాది. అందుకే మాత్రలు రాలేదు. అది పెట్టింది ఇంకెవరో కాదు, నేనే. బావ ఫోన్ చేస్తే అదీ చూసుకోకుండా జబ్బు లేదనేసినాను."

బుధు చేతిలో పుల్ల కింద పెట్టాడు. లేచి, ఎవరి వైపూ చూడకుండా, పశువుల పాక వైపు వెళ్లిపోయాడు. అతను ఆ తర్వాత రెండేళ్లు ఫల్గుణతో మాట్లాడలేదు.

ముత్యాలమ్మ కుట్టడం ఆపింది. ఆమె ముఖంలో కోపం వస్తుందని ఫల్గుణ ఎదురుచూశాడు. రాలేదు. ఏదో అర్థం చేసుకోవడానికి కష్టపడుతున్నట్టు నొసలు ముడిచింది.

"మన సోనాయే అని దానికెలాగ తెలిసినాది?"

"పేరు బట్టి. బావ పేరు, ఊరి పేరు బట్టి."

"మునుపు పోయిన గుంటే ఇది అని తెలిసిపోయినాదా?"

అతను తల ఊపాడు.

ముత్యాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఊళ్లో కొందరు నమ్మనేదురా. గింజలు దిసారే కావాలని కలిపినాడన్నారు. పిచ్చిది, పోయిన పిల్లని తలుసుకుని ఈ పిల్లకి ఆ పేరు పెట్టుకున్నాదన్నారు. నువ్వు కూడా ఎప్పుడూ ఔనన్నేదు. నీ కావలి మాత్రం ఆనవాలు పట్టినాది. అదే గుంటని పట్టినాది."

ఫల్గుణ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఒకసారి పోయి, అంత దూరం నుంచి మన కోసం మళ్లీ నడిసొచ్చిన గుంట. ఆనవాలు పట్టినోళ్లు, వచ్చినావా తల్లీ అని లోపలికి పిలుత్తారు గానీ, తలుపేసేత్తారేటిరా?"

ఆమె గొంతులో అప్పుడు కూడా కోపం లేదు. నిజంగానే తెలియక అడిగింది. తప్పులు పట్టే ఉద్యోగం చేసే తమ్ముడు చెబుతాడేమోనని చాలాసేపు అతని ముఖంలోకి చూస్తూ కూర్చుంది.